లోతు వైపు

ఆ ఈతకొలనులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలకీ, వాళ్ల తల్లులకీ, గేటు దగ్గర టికెట్లు చింపే మనిషికీ అందరికీ ఆమె కోచమ్మే. యాభై ఏడేళ్లు. వెడల్పాటి భుజాలు, గట్టి గొంతు, ముక్కు మీదే కోపం. గట్టు మీద నిలబడి "గడ్డం పైకి!" అని ఆమె అరిస్తే బట్టలు మార్చుకునే గదుల్లో ఉన్నవాళ్లు కూడా గడ్డాలెత్తుతారని పిల్లలు నవ్వుకునేవారు. నీళ్లంటే జడిసే పిల్ల ఎవరైనా వస్తే మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో తెలియదు. ఆ పిల్లని వీపు మీద ఎక్కించుకుని, ఏదో గుసగుసలాడుతూ కొలనంతా తిప్పి తెచ్చేది. తిరిగొచ్చాక గట్టెక్కమంటే ఆ పిల్లే ఏడ్చేది.

ఒక శనివారం మధ్యాహ్నం చిన్నపిల్లల తరగతి జరుగుతోంది. కొలనులో నడుము లోతు వైపునూ, కాళ్లందని లోతు వైపునూ విడదీస్తూ మధ్యలో ఎర్ర తాడు ఉంటుంది. దాన్ని దాటొద్దని కోచమ్మ ప్రతి తరగతికీ ముందు చిలక్కి చెప్పినట్టు చెప్పేది. ఆ రోజూ చెప్పింది. ముందుపళ్లు ఊడి కొత్తవి మొలుస్తున్న ఆరేళ్ల పిల్ల ఒకతె ఉండేది, అందరూ చిట్టెలుక అనేవారు. పట్టుకుని తేలే నురగ పలక చేతిలోంచి జారిపోతే, దానికోసం ఆ పిల్ల తాడు కిందనుంచి అవతలికి దూరింది. కోచమ్మ అప్పుడు ఇంకో పిల్లాడి పాదాలు పట్టుకుని నీళ్లు తన్నడం నేర్పుతోంది. తల తిప్పేసరికి పలక ఒక్కటే తేలుతోంది.

తాను దూకడం ఆమెకు గుర్తులేదు. అడుగున పిల్ల టోపీ కనబడటం, పిల్లను చంకలో ఇరికించుకుని పైకి తన్నుకుంటూ రావడం గుర్తు. గట్టు మీద పడుకోబెట్టి చూస్తే ఊపిరి లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. తల వెనక్కి వంచి నోట్లోకి ఊదింది. మళ్లీ ఊదింది. పిల్ల తల్లి పెట్టిన కేక పైకప్పుకు తగిలి అక్కడక్కడే మోగుతోంది. చిట్టెలుక ఉన్నట్టుండి ఎగిరిపడి, నీళ్లు కక్కి, ఏడుపు లంకించుకుంది. అంత మంచి ఏడుపు జన్మలో వినలేదని కోచమ్మ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుంది.

పిల్లనీ తల్లినీ అంబులెన్సులో పంపించారు. ఆ పిల్లకు ఏమీ కాలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని ఇంటికి పంపేశారు. కోచమ్మ మిగతా పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఏమీ జరగనట్టే కసురుతూ, బట్టలు మార్చుకోవడానికి తోలింది. చివరి పిల్ల తలుపు దాటాక నడవాలో ఉన్న తడి బల్ల మీద కూలబడింది. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఆ నొప్పి ఎడమ దవడ దాకా పాకింది. ఒళ్లంతా చెమట. శభాష్ అందామని తువ్వాలు పట్టుకుని వచ్చిన కొలను మేనేజరు ఆమె మొహం చూసి తువ్వాలు జారవిడిచి ఫోన్ కోసం పరిగెత్తాడు.

గుండెపోటే అనుకున్నారంతా. ఈసీజీ అలాగే చెప్పింది, రక్తపరీక్షా అలాగే చెప్పింది. మణికట్టులోంచి గొట్టం పంపి చూస్తే మాత్రం ఎక్కడా అడ్డు లేదు.

"మీ రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయండీ," అంది గుండె డాక్టరు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, మాట నిదానం. తెరను మంచం వైపు తిప్పింది. "ఇదిగో, ఇది మీ గుండె. పైభాగం బాగానే ముడుచుకుంటోంది. కిందిభాగం ఉబ్బిపోయి కదలట్లేదు చూశారా? పెద్ద భయమో, దుఃఖమో, ఒక్కోసారి పట్టలేని సంతోషమో వచ్చి మీదపడితే ఇలా అవుతుంది. మీ వయసు ఆడవాళ్లలో ఎక్కువ చూస్తాం. ఆక్టోపస్‌ల్ని పట్టే కుండ ఒకటి ఉంటుంది, దాని ఆకారంలోకి వస్తుందని ఆ పేరే పెట్టారు. టకోట్సుబో."

కోచమ్మ భర్తకు కళ్లద్దాల దుకాణం. ఎంత కష్టంలోనైనా ఒక మాట విసరకుండా ఉండలేని మనిషి. ఆయన తెరకేసి చూస్తూ, వణుకుతున్న గొంతుతోనే, "గుండె చెరువైంది అంటుంటారే, అది ఉత్తమాట కాదన్నమాట," అన్నాడు.

"చెరువైతే మరీ మంచిది," అంది కోచమ్మ మంచం మీదనుంచి. "ఈదుకుంటూ వచ్చేస్తాను."

ఆరు వారాల తర్వాత తీసిన స్కాన్‌లో గుండె మామూలు ఆకారానికి వచ్చేసింది. ఆ రోజు చూసిన కుర్ర డాక్టరు కాగితాలు చేతికిస్తూ, "మీరు అదృష్టవంతులండీ. వచ్చినట్టే పోయింది. ఇక దీని సంగతి మర్చిపోండి," అన్నాడు.

మర్చిపోదామనే ఆమె చూసింది. ఒళ్లే మర్చిపోనివ్వలేదు. వాళ్లిల్లు రెండో అంతస్తులో ఉంది. అంతకుముందు కూరగాయల సంచులు రెండు చేతులా పట్టుకుని ఎక్కిన మెట్లే ఇప్పుడు సగంలో ఆగి గోడకు ఆనుకునేలా చేస్తున్నాయి. దుప్పటి పిండితే ఆయాసం. పొద్దున్నే లేచి పళ్లు తోముకోగానే మళ్లీ పడుకోవాలనిపించేది. ఒక్కోసారి కారణం లేకుండా ఛాతీలో చురుక్కుమనేది, ఇక అంతే అనుకుని కూర్చుండిపోయేది. ఆసుపత్రికి వెళ్తే పరీక్షలన్నీ బాగున్నాయనేవారు. "కాస్త టెన్షన్ తగ్గించుకోండమ్మా," అని పంపించేవారు. బాగానే ఉందని అందరూ అంటున్నకొద్దీ, తానే ఏదో నటిస్తున్నట్టు ఆమెకు సిగ్గేసేది.

ఇంట్లోవాళ్లది ఇంకో బాధ. సంతోషమైనా గుండెను దెబ్బతీస్తుందన్న డాక్టరు మాట వాళ్ల చెవిలో నాటుకుపోయింది. దాంతో మంచి కబురూ చెప్పరు, చెడ్డ కబురూ చెప్పరు. టీవీలో ఆట ఆఖరి నిమిషాలకు వచ్చిందంటే భర్త గబుక్కున కట్టేసేవాడు. ఎవరు గెలిచారో మర్నాడు మెల్లిగా చెప్పేవాడు, అదీ ఆమెకు నచ్చిన జట్టు ఓడిపోతే చెప్పేవాడు కాదు. వంటింట్లో గిన్నె జారిపడితే ముందు పరిగెత్తుకొచ్చి ఆమె మొహం చూసి, ఆ తర్వాత గిన్నె ఎత్తేవాడు. ఆమె అక్క ఫోన్ చేస్తే, పసిపాప నిద్రపోతున్న ఇంటికి వచ్చినట్టు గుసగుసగా మాట్లాడేది. "ఏంటే ఆ గొంతు? జలుబా?" అని ఈమె అడిగితే అక్క నీళ్లు నమిలేది.

కూతురు అదే ఊళ్లో భర్తతో వేరే కాపురం ఉంటోంది. బ్యాంకులో పని. ప్రతి ఆదివారం వచ్చేది. ఒక ఆదివారం ఆ పిల్ల అలమార మీదున్న పెట్టె దించబోతే, తండ్రి చేతిలో కాఫీ ఒలకబోసుకుంటూ గదికి అడ్డంగా పరిగెత్తి, "నువ్వెత్తకు! నువ్వెత్తకు!" అన్నాడు. కోచమ్మ కుర్చీలోంచి కూతుర్ని ఎగాదిగా చూసింది. కొన్నాళ్లుగా వదులు చొక్కాలు. ఈ ఇంట్లో కాఫీ ముట్టుకుని ఎన్నాళ్లయిందో.

"ఏమే," అంది. "ఎన్నో నెల?"

కూతురు తండ్రికేసి చూసింది. తండ్రి వచ్చి భార్య మణికట్టు పట్టుకుని నాడి చూడటం మొదలుపెట్టాడు, ఆయనకు నాడి చూడటం రాకపోయినా.

"ఐదు," అంది కూతురు, ఏదో తప్పు చేసినట్టు.

కోచమ్మకు గుండె దడదడలాడింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టుకుని, అది ఏం చేస్తుందో అని ఎదురుచూశారు. అది కాసేపు కొట్టుకుని తనంతట తానే నెమ్మదించింది. అప్పుడొచ్చింది ఆమెకు కోపం.

"ఐదు నెలలు! ఐదు నెలలు నా కూతురు కడుపుతో ఉన్న సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసు. ఎవరి కోసమర్రా ఈ దాపరికం? నన్ను బతికించుకోవడానికా? ఇలా పీట మీద బొమ్మలా కూర్చోబెట్టుకుని ఏం చేసుకుంటారు నన్ను?"

"అమ్మా, నీకేమన్నా అయితే..."

"అయితే అవుతుంది. ఆసుపత్రి ఉంది, వెళ్దాం. విను. ఇకమీద ఈ ఇంట్లో మంచైనా చెడైనా ముందు నాకే చెప్పాలి. నువ్వే చెప్పాలి. మొహం మీదే చెప్పాలి. మాటివ్వు."

కూతురు ఏడుస్తూనే మాటిచ్చింది. భర్త ఇంకా మణికట్టు వదల్లేదు. "మీరది వదిలేసి, రేపు ఆ జుట్టు నెరిసిన డాక్టరమ్మ ఉంటుందేమో కనుక్కోండి," అంది కోచమ్మ. "మర్చిపోమని చెప్పేవాళ్లు కాదు, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు కావాలి నాకు."

డాక్టరు పాత స్కాన్లూ కొత్త స్కాన్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. మెట్ల సంగతి, దుప్పటి సంగతి, ఛాతీలో చురుకుల సంగతి అంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నది.

"మీరు ఊహించుకోవట్లేదు," అంది చివరికి. ఆ ఒక్క ముక్కకి కోచమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. "స్కాన్‌లో పంపు బాగా కొడుతున్నట్టు కనబడుతుంది. అది నిజమే. కానీ కండరం లోపల పూర్తిగా కోలుకుందని కాదు. నెలలు పడుతుంది. కొందరికి ఏళ్లు. ఒకప్పుడు మేం కూడా ఇది వచ్చినట్టే పోతుందనే చెప్పేవాళ్లం. చాలామందిని ఏళ్ల తరబడి గమనించాక తెలిసింది, గుండెపోటు వచ్చినవాళ్లని ఎంత కనిపెట్టుకుని ఉంటామో వీళ్లనీ అలాగే చూసుకోవాలని."

"మళ్లీ వస్తుందా?"

"రావచ్చు. నూటికి ఓ పదిమందికి ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తుంది. రేపు రావచ్చు, పదేళ్లకు రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఎవరికొస్తుందో ముందే చెప్పలేం. కచ్చితంగా ఆపుతుందని తేలిన మందు కూడా ఇంతవరకూ లేదు."

పక్కన కూర్చున్న భర్త మొహం పాలిపోయింది. కోచమ్మ మాత్రం కుర్చీలో ముందుకు జరిగింది. ఇన్నాళ్లకి ఎవరో తనతో పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు.

"మరి నేను చెయ్యగలిగింది ఏముంది?"

"చాలా ఉంది. వ్యాయామం. మీ ఇష్టం వచ్చినట్టు కాదు, మా గదిలో, మా కళ్లముందు, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ. దాంతోపాటు వారానికోసారి మా మనస్తత్వ నిపుణురాలితో కూర్చోవాలి. ఈ రెండూ చేసినవాళ్లకి ఆయాసం తగ్గడం చూశాం."

"నేను మళ్లీ లోతు వైపు దిగొచ్చా?"

డాక్టరు స్కాన్ల మీదనుంచి తలెత్తింది. "ఈదొచ్చు. దానికి నేను సాయం చేస్తాను. కానీ మీ పని ఈదడం ఒక్కటే కాదుగా. మునిగేవాళ్లని తీసుకురావాలి. ఇంకొకరి ప్రాణానికి పూచీ పడాలంటే ముందు మీ ఊపిరి మీ మాట వినాలి. అది నేను కాదు, మీ ఒళ్లే చెప్పాలి."

"అయితే దాంతోనే చెప్పిస్తాను," అంది కోచమ్మ.

వ్యాయామం గది ఆసుపత్రి వెనకవైపు ఉండేది. నాలుగు సైకిళ్లు, రెండు ట్రెడ్‌మిల్లులు, గోడకు ఒక పెద్ద గడియారం. మొదటి రోజు ఆమె సైకిలు తొక్కుతుంటే పక్క సైకిలు మీదున్న మాంసం కొట్టు ఆయన, బైపాస్ అయిన మనిషి, ఈమెను దాటి వెళ్లిపోతున్నంత వేగంగా తొక్కాడు. ఎక్కడికీ వెళ్లని సైకిలు మీద కూడా తాను వెనకబడ్డట్టే అనిపించి కోచమ్మకు ఒళ్లు మండింది.

"మీకేమైందమ్మా?" అని అడిగాడాయన. చెప్పింది. కాసేపు ఆలోచించి, "నాది పైపుల గోల, మీది మోటారు గోల," అని తేల్చేశాడు. "నాకు మార్చడానికి పైపులన్నా దొరికాయి. మీరు దాన్నే బతిమాలుకోవాలి పాపం."

ఆమె బతిమాలలేదు, పట్టుబట్టింది. వారం వారం కొద్దిగా ఎక్కువ తొక్కింది. బాగున్న రోజు మితిమీరితే మర్నాడంతా మంచం మీదే ఉండాల్సి వచ్చేది. అదీ నేర్చుకుంది. బాగున్న రోజున ఆపడం, బాగోలేని రోజున మానకపోవడం. జీవితమంతా పిల్లల్ని తొందరపెట్టిన మనిషికి ఇది సైకిలు కంటే కష్టమైంది.

మనస్తత్వ నిపుణురాలి దగ్గర మొదటి రెండు వారాలూ కోచమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. మూడోసారి ఆవిడ, "ఇన్ని నెలల్లో ఒక్కసారైనా కొలనుకి వెళ్లారా?" అని అడిగింది. వెళ్లలేదు. మేనేజరు ఎన్నిసార్లు రమ్మన్నా ఏదో సాకు చెప్పింది. ఎందుకని అడిగితే ముందు ఆయాసమంది, తర్వాత దూరమంది. ఆఖరికి తల వంచుకుని, "కళ్లు మూసుకుంటే ఆ పలక ఒక్కటే తేలుతూ కనబడుతుంది," అంది. అంతవరకూ ఆ మాట భర్తతో కూడా అనలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. ఆ వారం చివర్లో కొలనుకి వెళ్లి, నీళ్లలో దిగకుండా, ఒక తరగతి మొత్తం గట్టు మీద కూర్చుని చూసింది. కళ్లు మాటిమాటికీ ఎర్ర తాడు వైపే పోయాయి. తరగతి అయ్యేదాకా లేవలేదు. చిట్టెలుక తల్లి మొదట్లో తరచూ ఫోన్ చేసేది, తర్వాత మానేసింది. ఆ పిల్ల మళ్లీ ఆ కొలనుకి రాలేదు. కోచమ్మ దానికి బాధపడింది గానీ, ఆ తల్లిని తప్పుపట్టలేదు.

మనవరాలు పుట్టిన కబురు కూతురే ఆసుపత్రి మంచం మీదనుంచి ఫోన్ చేసి చెప్పింది. ఆ సంతోషానికి కోచమ్మ గుండె గంతులేసిందే తప్ప గాడి తప్పలేదు.

కొలనులో మళ్లీ ఉద్యోగంలో చేరాలంటే కాపాడే పరీక్ష నెగ్గాలి. లోతు వైపు అడుగున మనిషంత బరువున్న రబ్బరు బొమ్మ ఉంచుతారు. మునిగి దాన్ని పైకి తేవాలి, దాని మొహం నీళ్లపైన ఉండేలా పట్టుకుని కొలను పొడుగునా ఈదాలి, గట్టెక్కించాలి, వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. అది కోచమ్మ ఏటా కుర్రకోచ్‌లకు పెట్టే పరీక్షే.

"ఎందుకండీ ఈ యాతన?" అన్నాడు మేనేజరు. మంచివాడు, ఆమె మీద నిజమైన గౌరవం ఉన్నవాడు. "కౌంటర్లో కూర్చోండి. జీతం తగ్గకుండా నేను చూస్తాను. మీరిక్కడ ఉంటే చాలు మాకు."

"నేనేమన్నా గోడ మీద ఫొటోనా, ఉంటే చాలడానికి? పరీక్ష ఎప్పుడో చెప్పండి."

పరీక్ష రోజున అక్క కూడా వచ్చింది. అక్కకు నీళ్లంటే భయం. గట్టుకు ఆమడ దూరంలో కుర్చీ వేయించుకుని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కోచమ్మ దూకింది, అడుగుకు వెళ్లింది, బొమ్మతో పైకొచ్చింది. సగం దూరం బాగానే లాగింది. అక్కడ ఊపిరి తెగిపోవడం మొదలైంది. ఇంకో నాలుగు బారలు వేస్తే వేసేదేమో. వేస్తే తర్వాత ఏమయ్యేదో. ఆమె బొమ్మను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తాడు పట్టుకుని, సాయం కావాలన్నట్టు రెండో చెయ్యి పైకెత్తింది. గట్టు మీదున్న కుర్రకోచ్ దూకి బొమ్మను అందుకున్నాడు.

గట్టెక్కాక ఎవరి మొహమూ చూడలేదు. అక్క తువ్వాలు కప్పుతూ, "పోనీలేవే, ఇక చాలు," అంది.

"చాలడమేంటి?" అంది కోచమ్మ రొప్పుతూ. "వచ్చే నెల మళ్లీ వస్తాను."

ఆమె పరీక్ష తప్పిందని మేనేజరుకు రాయక తప్పలేదు. రాస్తూ అన్నాడు, "ఇన్నేళ్లలో ఈ పరీక్షలో చెయ్యెత్తినవాళ్లని చూడలేదండీ. ఊపిరాడకపోయినా లాగుతూనే ఉంటారు. నిజంగా మనిషయ్యుంటే ఇద్దరూ పోయేవారు. మీరెత్తారు, చూడండి, అది నాకు నచ్చింది."

వచ్చే నెల కాదు, దాని తర్వాతి నెల నెగ్గింది. చూడ్డానికి ఏమాత్రం అందంగా లేదు. బొమ్మ రెండుసార్లు నీళ్లు మింగింది, కోచమ్మ ఒకసారి మింగింది. గట్టెక్కించేటప్పుడు మోచెయ్యి దోక్కుపోయింది. కానీ మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ ఛాతీ నొక్కుతుంటే ఆమె ఊపిరి ఆమె మాట విన్నది. దూరంనుంచి అక్క చప్పట్లు కొడుతూ, "ఇక నొక్కకే, అది బతికింది!" అని అరిచింది.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఆయాసం పూర్తిగా పోలేదు, తనతో సర్దుకుపోయింది. ఆర్నెల్లకోసారి డాక్టరు దగ్గరికి వెళ్లేది. తరగతికి ఇద్దరు కోచ్‌లు ఉండి తీరాలని మేనేజరుతో పోట్లాడి రూలు పెట్టించింది. వ్యాయామం గదిలో మాంసం కొట్టు ఆయన మానేసినా తాను మానలేదు.

అయిదో ఏడు వానాకాలంలో ఒక పొద్దున్న కూతురు చెప్పాపెట్టకుండా వచ్చింది. లోపలికొచ్చి తల్లి ఎదురుగా కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. ఆ పిల్ల పెదాలు వణుకుతున్నాయి, మాట మాత్రం తడబడలేదు.

"అమ్మా, పెద్దమ్మ పోయింది. తెల్లవారుజామున, నిద్దట్లోనే. పెదనాన్న ఇప్పుడే ఫోన్ చేశాడు."

కోచమ్మ అక్కని పేరు పెట్టి ఒక్కసారి పిలిచింది. ఛాతీలో ఆ పాత పిడికిలి నెమ్మదిగా బిగుసుకోవడం తెలిసింది. పోయినసారి అదేమిటో తెలియక తడి బల్ల మీద కూర్చుండిపోయింది. ఈసారి తెలుసు.

"అంబులెన్సుని పిలువు," అంది. "అదే మళ్లీ. ఏడవకు, ముందు పిలువు. మీ నాన్నని నా మందుల సంచి తెమ్మను."

అక్కను సాగనంపే వేళకి ఆమె ఆసుపత్రిలో, వైర్ల మధ్య పడుకుని ఉంది. జీవితంలో ఆమె పడ్డ కష్టాల్లో అది అన్నిటికన్నా పెద్దది. గుండె మళ్లీ ఆ కుండ ఆకారంలోకే వచ్చింది. త్వరగా రావడం వల్ల ఈసారి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరకముందే పట్టుకోగలిగామంది డాక్టరు.

కూతురు మంచం పక్కన కుమిలిపోతూ కూర్చుంది. "నేనే చెప్పాను. మెల్లిగా చెప్పమన్నాడు నాన్న. నాలుగు రోజులాగి చెప్పమన్నాడు. నేనే..."

"ఇటు చూడు," అంది కోచమ్మ. గొంతులో శక్తి లేదు, పట్టు ఉంది. "నాలుగు రోజులాగి చెప్పుంటే అప్పుడూ ఇదే అయ్యేది. కాకపోతే ఆ నాలుగు రోజులూ అక్క ఉందనుకుని దానికి ఫోన్ చేస్తుండేదాన్ని. అది నేను తట్టుకోలేకపోయేదాన్ని. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నీకు ధైర్యం ఉంది. నాకూ ఉంది. ఇక ముక్కు తుడుచుకో."

డాక్టరు ఈసారి కూడా ఏదీ దాచలేదు. ఒకసారి మళ్లీ వచ్చింది కాబట్టి మూడోసారీ రావచ్చంది. రాకపోవచ్చని కూడా అంది. ఎంతకాలం అని కోచమ్మ అడిగితే, "మీ వయసువాళ్లు ఎవరడిగినా నేను చెప్పలేనిది అది. కానీ మీరు మొదటిసారికన్నా గట్టిగా ఉన్నారు, అది నా స్కాన్లలో కనబడుతోంది," అంది. కోచమ్మ తలూపింది. పాత సైకిలు ఖాళీగా ఉందా అని అడిగింది.

మళ్లీ మొదటినుంచీ తొక్కింది. ఈసారి తొందరపడలేదు. అక్క గుర్తొచ్చిన రోజున అక్కడే, సైకిలు మీదే ఏడ్చేది, ఏడుస్తూనే తొక్కేది. ఏడిస్తే గుండెకి ఏమవుతుందో అని అక్కడెవరూ ఆపలేదు.

తేరుకున్నాక మేనేజరు దగ్గరికి తానే వెళ్లింది. "ఇక కాపాడే పరీక్షకి నేను రాను," అంది. "నెగ్గలేక కాదు, నెగ్గుతాను. కానీ నా గుండె ఎప్పుడు అలుగుతుందో నాకే తెలియనప్పుడు, ఎవరి పిల్లకో నన్ను పూచీ పెట్టడం న్యాయం కాదు. లోతు వైపు కుర్రాళ్లు చూసుకుంటారు. నాకు నడుము లోతు నీళ్లిచ్చి, పెద్దవాళ్ల తరగతి ఇవ్వండి. యాభై దాటినా నీళ్లంటే జడిసేవాళ్లు ఊళ్లో బోలెడుమంది ఉన్నారు. గట్టు మీద ఒక కుర్రకోచ్ ఉండాలి, నాక్కూడా కలిపి."

"కౌంటరు..." అనబోయాడు మేనేజరు.

"ఆ మాటెత్తారంటే ఇప్పుడే పరీక్షకి దూకుతాను."

పెద్దవాళ్ల తరగతి ఎనిమిది మందితో మొదలై ఒక్క ఏడాదిలో గదుల్లో తువ్వాళ్లు ఆరేసుకునే చోటు చాలనంత పెరిగింది. అందులో చివరగా చేరినవాడు ఆమె బావగారు. డెబ్బై దాటిన మనిషి. అక్క పోయిననాటినుంచీ తలుపులు మూసుకుని రేడియో పక్కన కూర్చుండిపోయాడు. కోచమ్మ రెండు వారాలు బతిమాలి, మూడో వారం బతిమాలడం మానేసి, కారు తెచ్చి ఎక్కించుకొచ్చింది.

"నువ్వు చెప్పావని వచ్చానమ్మాయ్," అన్నాడాయన, మెట్టు మీద నిలబడి, కడ్డీని రెండు చేతులా పట్టుకుని. "మీ అక్కకే కాదు, నాకూ నీళ్లంటే భయమే. దానికి తెలియకుండా దాచుకున్నానంతే."

"నాకు తెలుసు బావగారూ. ఆ సముద్రం ఒడ్డున మీరిద్దరూ చెప్పులు విప్పకుండా దిగిన ఫొటో చూసినవాళ్లందరికీ తెలుసు. చెయ్యి వదలండి."

"మునిగిపోతాను."

"నడుము లోతు నీళ్లు. మునగాలన్నా కష్టపడాలి. వదలండి."

ఆయన ఒక చెయ్యి వదిలాడు. ఆమె అరచెయ్యి ఆయన వీపు కింద పెట్టింది. రెండో చెయ్యి కూడా వదిలి, ఆయన పైకప్పుకేసి చూస్తూ వెల్లకిలా వాలాడు. మెడ బిగుసుకుపోయి ఉంది. చెవుల్లోకి నీళ్లు పోగానే గాభరాపడి లేచి నిలబడ్డాడు. ఆమె మళ్లీ పడుకోబెట్టింది. మళ్లీ లేచాడు. మళ్లీ పడుకోబెట్టింది. గట్టు మీద కుర్రకోచ్ ఈల పట్టుకుని ఇద్దరినీ చూస్తున్నాడు.

నాలుగోసారో అయిదోసారో ఆయన మెడ కాస్త వదులైంది. నీళ్ల మీద పడుకునే, కళ్లు తిప్పి మరదలి మొహం చూశాడు.

"నీ గుండె ఎలా ఉందమ్మాయ్ ఇప్పుడు?"

"ఉంది బావగారూ," అంది కోచమ్మ. "మీరు కాళ్లాడించండి."